తీగ వెంట నడిచి చూసిన దేవకృప గారు

శ్రీమతి దేవకృప గారు 1968 జూలై ఒకటవ తేదీన, రెజిమెంటల్ బజార్‌లోని మన టైపు శిక్షణాలయంలో అధ్యాపకురాలిగా ప్రవేశించారు. అప్పటికే ఇక్కడ గుమాస్తాగా పాతుకుపోయిన నేను, తదుపరి కాలంలో ఈ సంస్థకు ఇంటర్నెట్ మార్గాన్ని ఎంపిక చేసిన దూరదర్శి కూడా నేనేనని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

కొత్త యంత్రం కొనేముందు అమ్మకందారు పొగడ్తలు ఆలకించక, తరగతిలో అందరికన్నా మొరటు చేతి విద్యార్థి చేత దాన్ని కొట్టించి చూడటం ఆవిడ పద్ధతి. క్రమంగా ప్రిన్సిపాలయ్యారు. టైపు యంత్రాల కాలం చెల్లినప్పుడు, అమెరికా వైద్యులు మాటల్లో చెప్పిన రోగుల వివరాలను కంప్యూటరులో టైపు చేసి పంపే పనికి తమ శిష్యురాళ్లనే సిద్ధం చేశారు.

2001లో గండం వచ్చింది. టెలిఫోను తీగ మీద ఇంటర్నెట్ నడిమధ్య తెగిపోయి ఫైళ్లు ఆలస్యమవుతుంటే, ఇంకొక్కసారి ఇలా జరిగితే పని మానిపిస్తామని అక్కడి ఆసుపత్రివారు హెచ్చరించారు. అదే జరిగితే ఆ ఆడపిల్లలందరికీ ఉద్యోగాలు పోతాయి. కేబుల్ టీవీ యాదగిరి చవకగా ఇస్తానన్నాడు. మనకొక్కరికే ప్రత్యేకంగా లైను వేసే కంపెనీ అడిగిన అద్దె విని, యజమాని కన్నబాబు గారు కుర్చీలోంచి లేచిపోయారు.

“మేడమ్, జెర నమ్మున్రి. మాపటికల్ల వైరు గుంజి ఇస్త,” అన్నాడు యాదగిరి.

“నమ్మకం సంగతి తర్వాత బాబూ, వైరు ఏ దారిన వస్తుందో చూపించు,” అంటూ ఆవిడ కొంగు బిగించి నిచ్చెనెక్కారు.

డాబాల మీదుగా, ఆరేసిన బట్టల నడుమ, ఆ తీగ ఇంటింటికీ చీలుతూ పోతోంది.

“దీని మీద ఇంకెవరున్నారు?”

“గల్లీ మొత్తం మనోళ్లే మేడమ్!”

“రోగుల గుట్టు తెచ్చి మీవాళ్లందరి మధ్యా ఆరేయమంటావా? పోనీ, ఆగిపోతే ఎవరికి చెప్పుకోవాలి?”

అతడిచ్చిన నంబరుకు, కిందికి దిగీ దిగగానే ఫోను చేశారు. అది అతని చొక్కా జేబులోనే మోగింది. తీసి, ఎదురుగా ఉన్న ఆవిడతోనే, “మనిషి బయల్దేరిండు మేడమ్!” అన్నాడు. కంపెనీ నంబరుకు చేస్తే ఎవరో ఉద్యోగి పలికి, చిరునామా రాసుకుని, బాగుచేయడానికెంత సేపు పడుతుందో కూడా చెప్పాడు.

“అంత అద్దె ఎక్కడ్నించి తెమ్మంటారండీ?” అన్నారు కన్నబాబు గారు.

“నా గది అద్దెకివ్వండి. వీధి వైపుంది, ఎవరైనా తీసుకుంటారు. నేను నడవలో కూర్చుంటాను.”

“ప్రిన్సిపాలు గారు నడవలోనా?”

“పిల్లలు ఇళ్లలో కూర్చోవడం కన్నా నయమేనండీ.”

ఎంపిక నాదన్నాను కదా, నిజానికి నా ఓటు యాదగిరికే. మా అల్వాల్ ఇంటికి సినిమా చానళ్లు ఉచితమన్నాడు మరి! నేను చేసినదల్లా నిచ్చెన పట్టుకోవడం, అదీ ఊగింది.

పాత టెలిఫోను తీగను తీయించవద్దన్నదీ ఆవిడే. ఆ వర్షాకాలంలో రోడ్డు తవ్వకంలో కొత్త లైనూ తెగినప్పుడు, ఆ పాత తీగ మీదే ఒక్కొక్క ఫైలునూ దగ్గరుండి పంపించారు. పని నిలబడింది, ఒక్క పిల్ల ఉద్యోగమూ పోలేదు. ఆవిడ గదిలో కళ్లజోళ్ల దుకాణం వెలిసింది. ఈ 2004లో విరమించే దాకా ఆవిడ కుర్చీ నడవలోనే ఉంది.

భర్త పేతురు గారితో కలిసి, మోకాళ్లు మొరాయించక, చూపు తగ్గక, మనవరాలి పెళ్లి శుభలేఖను స్వయంగా టైపు చేసి మనకు పంచేటంతటి దీర్ఘాయుష్షు దేవకృప గారికి కలగాలని మనసారా కోరుకుంటున్నాను.

ఒక సవరణ. యాదగిరి జేబులో ఫోను మోగిన మాట అక్షరాలా నిజం. “మనిషి బయల్దేరిండు” అన్నది మాత్రం నా కల్పన. పాపం, ఆనాడు అతను ఫోను ఆపేసి, నాతోపాటు నిచ్చెన మోశాడు.