కత్తి అని రాసిన చాకు

సముద్రాలు దాటి వెళ్లిన పార్సెల్ పెట్టెని కస్టమ్స్ వాళ్లు విప్పను కూడా విప్పకుండా, ఎర్రముద్ర కొట్టి వెనక్కి పంపేశారు. పోస్టాఫీసు కౌంటరు మీదున్న పెట్టె మీద ఆ ముద్ర, దాన్ని పంపిన పెద్దావిడకి కళ్లద్దాలు లేకుండానే కనిపించింది: ఆయుధం.

“ఆయుధమేంటి బాబూ? మా నాన్న గులాబీలకి అంట్లు కట్టిన మడతచాకది. తమ్ముడక్కడ తోటపనిలో ఉన్నాడు, పంపమన్నాడు.”

“ఫారంలో ఏమని రాశారమ్మా?” అన్నాడు గుమాస్తా.

“కత్తి అని.”

“అదీ సంగతి. వాళ్లు యుద్ధాల కత్తనుకున్నారు. చాకు అని రాయాల్సింది.”

“సరే, ఇప్పుడు రాస్తా. మళ్లీ పంపు.”

“ముద్ర పడ్డాక పంపడానికి లేదమ్మా.”

“అయితే ఇంటికి పట్టుకుపోతా.”

“ఆయుధం మీ చేతికివ్వాలంటే లైసెన్సు చూపించాలి.”

“నలభై ఏళ్లు మా వంటింటి సొరుగులో పడున్నదానికా?”

“అప్పుడది చాకు కదమ్మా.”

ఆవిడకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “మరి నన్నేం చెయ్యమంటావు?”

“నాకొద్దని రాసిచ్చెయ్యండి. మేమే పారేస్తాం.”

“మా నాన్న చాకు నాకొద్దని నా చేత్తో రాయాలా?”

“లేదంటే కేసు మీ తమ్ముడి మీదికి పోతుంది. పెట్టె మీద ఆయన పేరుంది.”

ఆవిడ చివరికి పెన్ను అందుకుంది.

“ఆగండాగండి. సంతకానికి ముందు పెట్టె విప్పి, వస్తువు మీదేనని చూసుకోవాలి.” గుమాస్తా ముడి లాగాడు. రాలేదు. సొరుగులన్నీ వెతికాడు. “ఇంత బిగించి కట్టారేంటమ్మా ఈ తాడు! కొయ్యడానికి మీ దగ్గర చాకేమైనా ఉందా?”

“ఉంది నాయనా,” అందావిడ. “అందులోనే ఉంది.”