బ్రాడ్‌వే వంతెన కింద బతుకమ్మ

"అమ్మమ్మా, ఈ బ్రాడ్‌వే బ్రిడ్జి ఒక దిక్కు ఒరిగినట్టు ఎందుకుంటది?"

ఒరగలేదే పిచ్చిపిల్లా, దిగుతది. బ్యాగు పక్కకు పెట్టి కూసో, చెప్త. మన సాస్కటూన్‌ల నదికి అటు గట్టు ఎత్తు, ఇటు డౌన్‌టౌన్ దిక్కు తగ్గు. అందుకని వంతెన మొత్తం వాలుగనే కట్టిండ్రు. కింద అయిదు కమాన్లున్నయ్ సూడు, అన్నీ ఒక్క తీరు ఉండయ్. పెద్దది, దానికంటె చిన్నది, ఇంక చిన్నది... అక్కచెల్లెండ్లు ఫొటోకు నిలబడ్డట్టు. సాయంత్రం నీళ్లు కదలకుంటే కమాను, దాని నీడ కలిసి గుండ్రంగ అయితయ్. అట్ల చూస్కుంట నిలబడితే నాకు టైమే తెల్వకపోయేది.

ఇదంత మా సారు, అదే మా ఇంటాయన, చెప్పిందే. ఆయన సిటీల ఇంజనీరు గదా... కాదు కాదు, ముందుగాల ప్రొవిన్సు సర్కారుల, తర్వాత సిటీల. ఈ వంతెన కట్టింది కెనడాల కరువొచ్చిన రోజులల్ల, మేం రాకముందు ఎప్పుడో. మగవాళ్లకు పనుల్లేవు. మిషన్లతోని అయితే తొందరగ అయిపోతది గాని కడుపులు నిండయి గదా! పారలు, తోపుడు బండ్లు చేతికిచ్చి కట్టించిండ్రట. అది గూడ వంతులేసి, కొన్నాళ్లు వీళ్లు, కొన్నాళ్లు వాళ్లు. చలికి కాంక్రీటు గడ్డకట్టకుండ వేడి పెట్టుకుంట పోసిండ్రట. "వంతు అయిపోయి దిగిపోయినోడు ఎంత బాధపడ్డడో" అంటుండె సారు.

అప్పట్ల నేను, కమల, ఇద్దరమే బతుకమ్మ పేర్చేది. కమలది నల్లగొండ, ఇప్పుడు సర్రీ పట్నంల బిడ్డ దగ్గరుంది. తంగేడు ఏడ దొరుకుతది? బంతిపూలే. కుండీ ఎంత చవుకనో అప్పుడు, ఇప్పుడు చూస్తే గుండె గుభేలుమంటది. ఆఁ... ఈ కమాన్ల కాడనే నీళ్లల్ల విడుస్తుంటిమి. సారు పైన వంతెన మీద నిలబడి, పూలు అటు దిక్కు తేలినయా అని రోడ్డు దాటి ఉరికేటాయన. కార్లోళ్లు ఒకటే హారన్లు!

ఆయన పోయినంక నేను పేర్చలే. మొగుడు పోయినోళ్లు ముట్టొద్దంటరు గదా మన దిక్కు. ఎవ్వలు అనకముందే నేనే మానుకున్న. నా వంతు అయిపోయిందనుకున్న. పండుగనాడు మాత్రం ఒక్కదాన్నే వంతెన మీదికొచ్చి నీళ్లు చూసి పోతుంటి. మస్తు ఏడుపొచ్చేది బిడ్డా, దాచేదేముంది.

ఇగ మన దిక్కు నుంచి మీ అసొంటి స్టూడెంట్లు వచ్చుడు మొదలైంది. ఏ కాఫీ షాపుల జూసినా కరీంనగర్ మాటే. పోయినేడు పండుగనాడు వచ్చి చూద్దును గదా, కింద గట్టు మీద చలి జాకెట్ల మీద చున్నీలేసుకొని గుంపు ఆడపిల్లలు! నడుమ బతుకమ్మ. పాట ఫోన్‌ల పెట్టిండ్రు. చలికి ఫోన్ ఆగిపోయింది. ఒక్కదానికన్న పాట రాకపాయె, ఎరుకేనా? చప్పట్లు ఆగినయ్, పూల చుట్టు ఊకెనే నిలబడ్డరు.

నేను వంతెన మీద, డౌన్‌టౌన్ దిక్కు తగ్గు చివరనే ఉన్న. అక్కడ వంతెన గట్టుకు దగ్గర, మాట వినిపిస్తది. పాడొద్దు పాడొద్దు అనుకుంటనే నోరు తెరిచిన. పిల్లలు తలెత్తి చూసి, ఉయ్యాలో అని అందుకున్నరు. నీకు మొగుడున్నడా అని ఎవ్వలు అడగలే. ఒక పొట్టి పిల్ల రొప్పుకుంట ఉరికొచ్చి చెయ్యి పట్టింది. "దిగు అమ్మమ్మా, తర్వాతది మాకు రాదు."

దిగిన. వాళ్లతోని కలిసి బతుకమ్మను పట్టిన. ఎన్నేండ్లకో చేతులకు పూల తడి తగిలింది...

ఇగ లే, నీకు షిఫ్టు టైమైతుంది. ఏ కాలమొచ్చినా పువ్వు ముట్టొద్దని ఎవ్వలతోని అనిపించుకోకు. నీకు నువ్వు గూడ అనుకోకు. సల్లగుండు బిడ్డా.