అమ్మమ్మ సాక్ష్యం

కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చున్న మనవరాలి పక్కకు లాయరమ్మ వచ్చి చేరింది.

"మీ అమ్మమ్మ భాష తెలిసినాయన దొరికాడమ్మా. ఆవిడ సాక్ష్యాన్ని జడ్జిగారికి ఆయనే తర్జుమా చేస్తాడు."

"ఎవరు మేడమ్?"

"ఆవిడ పొలం లాక్కున్నవాడి తమ్ముడు."

"బాగుంది. ఇక అతనేం చెబితే అదే అమ్మమ్మ మాటన్నమాట."

"వద్దనే అన్నాను. ఆ భాష వచ్చినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే తీసుకురమ్మన్నారు. నీకు రాదా?"

"బళ్ళో ఆ భాష మాట్లాడిందని మా అమ్మని వాతలు తేలేలా కొట్టారు. అందుకే మాకు నేర్పలేదు."

"మరి ఇంట్లో అమ్మమ్మతో ఎలా?"

"ఆవిడ తన భాషలో తిడుతుంది, నేను బడి భాషలో బదులిస్తాను. మాట్లాడలేను గానీ, అన్నీ అర్థమవుతాయి."

"అది అతనికి తెలుసా?"

"తెలీదు."

"అయితే లోపల నా వెనకే కూర్చో. ఒక్క ముక్క మార్చినా నా కోటు పట్టుకుని లాగు."