గుండీలు ఊడిన పంతొమ్మిది బట్టల సంగతి

నా పేరు, ఇంటి నంబరు స్టేషన్ రైటరుగారు పైన రాసుకున్నారు. వయసు యాభై నాలుగు. పెళ్లి కాలేదు. నాన్న పోయాక ఇరవై రెండేళ్లుగా మా లాండ్రీని నేనూ, మా తమ్ముడూ నడుపుతున్నాం. ఇంట్లోనూ కొట్లోనూ నన్ను పెద్దక్క అంటారు.

నిన్న పోలీసులు తీసుకొచ్చిన ఇస్త్రీ మేస్త్రి నాన్న రోజుల నుంచి మా దగ్గర ఉన్నాడు. ఆయనకు అరవై దాటాయి. తమ్ముడు ఆయన్ని చిన్నప్పటి నుంచి బాబాయ్ అంటాడు. నిన్న ఉదయం పదకొండింటికి ఆ తమ్ముడే ఇక్కడికి వచ్చి ఆయన మీద దొంగతనం ఫిర్యాదు ఇచ్చాడు. మధ్యాహ్నం మేస్త్రి ఇంట్లో పంతొమ్మిది బట్టలు దొరికాయి. అన్నీ మాకు ఉతకడానికి ఇచ్చినవే. అది నిజం.

ఎనిమిది నెలల కిందటి వరకు ఒక బట్ట ఎవరి చేతికి వస్తే వాళ్లే ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, కట్ట కట్టేవాళ్లు. రోజుకు నలభై తెమిలేవి. తిరిగి ఇవ్వడానికి ఐదు రోజులు పట్టేది. వీధి చివర కొత్త లాండ్రీ పెట్టాక మాది మూతపడేలా ఉండింది. అప్పుడు పద్ధతి మార్చాను. ఒకరికి ఒకే పని. నంబరు చీటీ కట్టేవారు, ఉతికేవారు, ఆరేసేవారు, ఇస్త్రీ, కట్ట. నా చేత్తోనే అట్ట మీద రాసి గోడకు తగిలించాను. మూడో నెలకల్లా రోజుకు తొంభై ఐదు తెమిలాయి. మర్నాటికే ఇచ్చాం. రెండు హోటళ్ల వాళ్లు కొత్తగా వచ్చారు.

"అక్కా, ఇంత బుర్ర ఇన్నాళ్లూ ఎక్కడ దాచావే?" అన్నాడు తమ్ముడు.

ఊడిన గుండీ ఎవరు కుట్టాలో అట్ట మీద రాయలేదు. అంతకుముందు ఇస్త్రీ చేసేవారే కుట్టేసేవారు. నాకు తట్టలేదు.

పోయిన నెల మూడో తారీకు ఉదయం తొమ్మిదిన్నరకు మేస్త్రి ఒక చొక్కా పట్టుకొచ్చాడు.

"పెద్దమ్మాయిగారూ, దీనికి గుండీ లేదు. ఎవరికివ్వను?"

తమ్ముడు అందుకున్నాడు. "బాబాయ్, నీ పని ఇస్త్రీ. సూదీ దారం పట్టుకు కూర్చుంటే మళ్లీ నలభైకే దిగుతాం."

"మరి గుండీ?"

"గుండీ సంగతి గుండీ చూసుకుంటుంది. నువ్వు కానీ."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత బట్టలు కనబడకుండా పోతున్నాయని ఫిర్యాదులు మొదలయ్యాయి. ఒక హోటలు వాళ్లు మానేస్తామన్నారు. మొన్న సాయంత్రం ఐదున్నరకు మేస్త్రి సంచితో వెళ్తుంటే తమ్ముడు చూశాడు. సంచిలో మా చీటీ ఉన్న కోటు ఉంది.

నిన్న సాయంత్రం ప్రార్థనకు కూర్చున్నాను. మధ్యలోనే లేచాను.

ఈ రోజు ఉదయం పదింటికి బట్టలు గుర్తుపట్టమని అధికారిగారు పిలిచారు. బల్ల మీద పరిచారు. ఒక్కొక్కటే తిప్పి చూశాను. పదమూడింటికి ఒక్కో గుండీ కొత్త దారంతో కుట్టి ఉంది. ఆరింటికి గుండీ లేనే లేదు. మళ్లీ మొదటి నుంచి చూశాను. పదమూడు, ఆరు. గుండీలు సరిగ్గా ఉండి తీసుకెళ్లిన బట్ట ఒక్కటీ లేదు.

అధికారిగారి అనుమతితో మేస్త్రిని అడిగాను. "ఎవరు కుట్టారు?"

"మా ఇంటావిడ. కంటికి ఆపరేషనయింది కదా, రెండ్రోజులకొకటి కుడుతోంది. ఒక్కొక్కటే తెస్తే చిన్నబ్బాయి కంట పడతానని అన్నీ అయ్యాక తెద్దామనుకున్నా. గుండీ లేకుండా తిరిగిస్తే కొట్టు పేరు పోదూ?"

"ఈ మాట నిన్ననే చెప్పలేదేం?"

"పద్ధతి మీరానని కేసు పెట్టాడనుకున్నా. మీరిన మాట నిజమే కదమ్మా."

తమ్ముడు ఆయన పక్కన బెంచీ మీద కూలబడ్డాడు. "బాబాయ్, నన్ను నాలుగు తిట్టు."

"నా పని ఇస్త్రీ నాయనా. తిట్లు ఎవరి పనో పెద్దమ్మాయిగారు రాయలేదు."

రైటరుగారు కలం పక్కన పెట్టి నవ్వారు. తమ్ముడు ఏడ్చాడు. దేవుడికి అక్కడే నిలబడి దండం పెట్టుకున్నాను.

మేస్త్రి దొంగ కాడు. లోపం నా అట్టలో ఉంది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని తమ్ముడు వేరే కాగితం రాసిచ్చాడు.

ఇదంతా నేను చూసింది, విన్నది. ఎవరూ చెప్పించలేదు. రైటరుగారు చదివి వినిపించారు, ఒక్క మాటా మార్చాల్సిన పని లేదు. సంతకం అయ్యాక మేస్త్రిని మా వెంట పంపవలసిందిగా కోరుతున్నాను. ఇంటి దగ్గర ఆయన భార్య నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు.

(సంతకం)