పగిడయ్య నూట పన్నెండు పేజీల రెజ్యూమ్

పినపాక బస్టాండు పక్కన పూలి నడిపే బజ్జీల బండి దగ్గర శ్రావణి రెజ్యూమ్ ముందర ఏసుకొని కూసుంది. ఫ్యాక్టరీల సేఫ్టీ అసిస్టెంట్ ఉద్యోగం, సాయంత్రంలోపు పంపాలె. ఒక్క పేజీ దాటొద్దన్నరు, ఆమె దగ్గరేమో తొమ్మిది సర్టిఫికెట్లు. ఏవి తీసెయ్యాల్నని పూలిని అడుగుతుంటే, బెంచీ మీది పగిడయ్య చాయ్ గ్లాసు కింద పెట్టిండు.

"తీసెయ్యుడేంది బిడ్డా? నేను మణుగూరుల పనికి పెట్టుకున్ననాడు రెండే రాసిన, టైపింగు, ఫైర్ సేఫ్టీ. అది చదివి గుమాస్తా లేచి నాకు కుర్చీ ఏసిండు. రెండింటికే గిట్లుంటే అన్నీ రాస్తే ఎట్లుంటదని ఇంటికొచ్చి వెల్డింగు, డ్రోను, తేనెటీగల పెంపకం, యాదికొచ్చినయన్నీ రాసిన. నూట పన్నెండు పేజీలైనయి. జిరాక్సు తీయిస్తుంటే మిషన్ల మంట లేచింది. ఫైర్ సేఫ్టీ సర్టిఫికెట్ దాని ముందర పట్టిన, అంతే, ఆరిపోయింది."

"కాగితం చూసి ఆరిందా?" అన్నది పూలి, బజ్జీలు తిప్పుకుంట.

"సీలు ఉన్నది గద. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ కట్టతోని ఇంటర్వ్యూకు భద్రాచలం బస్సెక్కితే కండక్టరు దానికి వేరే టికెట్ కొట్టిండు. బ్రిడ్జి మీదికి రాంగనే ఒక పేజీ ఎగిరి గోదాట్లె పడ్డది. అది వరదల మేనేజ్‌మెంట్ పేజీ. అప్పుడు మూడో ప్రమాద హెచ్చరిక నడుస్తున్నది, జనం సామాన్లు సర్దుకుంటున్నరు. గోదారి ఆ కాగితం చదివినట్టే చదివి ఎనక్కి మర్లింది. నేను బస్సు దిగేలోపు రెండో హెచ్చరిక, చాయ్ తాగేలోపు మొదటిది గూడ ఎత్తేసిండ్రు. ఇంటర్వ్యూల పెద్ద సారు నా కట్ట కండ్లకద్దుకొని, మీకు ఉద్యోగమిచ్చేంత పెద్దోళ్లం కాదయ్యా అన్నడు. అందుకే ఇయ్యాల్టిదాక ఖాళీగున్న."

శ్రావణి నవ్వలే. ఆమె భయం వేరే. "రాసినవాటి మీదనే అడుగుతరట కాకా. మరిగే నూనె అంటుకుంటే ఏం చెయ్యాలె?"

పగిడయ్య ఆలోచించలే. "నీళ్లు కొట్టాలె, బకెట్ల కొద్ది."

పూలి మూకుడు పక్కనున్న నీళ్ల బకెట్ తీసి, అతని చెయ్యి అందనంత దూరం పెట్టింది.

"నీళ్లు కొడితే మంట మనమీదికే వస్తది పగిడన్నా. పొయ్యి బందు చేసి మూత పెట్టాలె. నాకు ఒక్క సర్టిఫికెట్టు గూడ లేదు."

పగిడయ్య గ్లాసు తీసుకొని మిగిలిన చాయ్ తాగిండు. శ్రావణి పెన్ను తీసి, ఆన్‌లైన్ కోర్సుల వీడియోలు చూడకుండనే డౌన్‌లోడ్ చేసుకున్న మూడు సర్టిఫికెట్లను ముందు కొట్టేసింది. ఇంకో రెండింటి మీద అడిగితే చెప్పలేననుకొని, వాటిని గూడ కొట్టేసింది.