ఓటీపీ రాలేదమే

వచ్చిందా, వచ్చిందా అని ఎన్నిసార్లు అడగతావమే? రాలేదని చెప్తా ఉండా కదా! పొద్దున్నుంచి ఇదే పాట. నా చేతిలో ఉండేది ఫోను, పొదిగే పెట్ట కాదు, గంటకోసారి కింద చెయ్యి పెట్టి చూసేదానికి.

అయినా నీ చదువుకి నా నంబరు ఇమ్మనింది ఎవురంట? ఆ రోజు నీ సిమ్ము పనిచెయ్యలేదని తొందర్లో అత్త నంబరు ఇచ్చేసినావు. ఇప్పుడేమో ఆ ఓటీపీ కొట్టి ఐదింటి లోపల కావాల్సిన కాలేజీలన్నీ వరసగా పెట్టకపోతే ఎమ్మెస్సీ సీటు పోతాదని గడప మీద కూర్చోని గోళ్ళు కొరకతా ఉండావు. ఆస్పత్రిలో అందరికీ శుభ్రం నేర్పించే నర్సమ్మవి, గోళ్ళు కొరకొచ్చునా రేవతీ?

ఆఁ, నవ్వినావులే. చూసినా.

సరే గానీ, ఆ కమ్యూనిటీతో నన్ను ఎంత నవ్వులపాలు చేసినావమే! "ఎమ్మెస్సీలో కమ్యూనిటీ తీసుకుంటా అత్తా" అంటివి. నాకేం తెలుసు? కమ్యూనిటీ అంటే తాసిల్దారు ఆఫీసులో ఇచ్చే కులం కాయితమే గదా! దానికోసం మీ ఆయన పెంచల్ కొడవలూరికి మూడుసార్లు తిరిగినాడు. ఉండేదాన్ని మళ్ళా తీసుకునేదేందబ్బా అనుకున్నా. గమ్మున ఉన్నానా? పక్కింటి హజరాబీతో అనేసినా, "మా కోడలు మా కులపోళ్ళకి మాత్రమే సూదులేసే చదువు చదవతాదంట" అని. ఆ మనిషి రెండు రోజులు నాతో మాట్లాడలా! నువ్వు పొయ్యి, కమ్యూనిటీ అంటే ఊరు ఊరంతా అనీ, ఇంటింటికీ తిరిగి జబ్బు ముదరకముందే కనిపెట్టేదనీ చెప్తే గదా, మళ్ళా నాకు టీ పోసింది.

మంచి చదువే, కాదనలా. మరి ఊరిని చూసుకునే చదువుకి ఊరు ఇడిసిపెట్టి వైజాగు పోవడమేందే? పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇంటికొచ్చే కాలేజీ ఉండాది గదా!

ఏందీ? ఆ కాలేజీలో నీ సబ్జెక్టు లేదా? తెలుసులే, నాలుగుసార్లు చెప్పినావు. ఆపరేషన్ల నర్సింగేదో ఉండాదంట గదా, అది చదివితే పట్టా ఇయ్యరా?

అట్టా చూడబాక. మీ ఆయన్ని అడిగితే "మీ ఇద్దరి ఇష్టం" అని కోత మిషను ఎక్కి పొయ్యినాడు. వాడు పుట్టినప్పుడు కూడా "నీ ఇష్టం" అన్నట్టు ఏడవకుండా పడుకున్నాడు.

ఊళ్ళో ఏమంటా ఉండారో తెలుసా నీకు? వంటకి మనిషి ఉండదని అత్త కోడల్ని పోనీట్లేదంట! నీ వంటకా? నీ చారు సంగతి మనకి మనకి తెలిసిందే, బయట చెప్పబాక.

వంటకి కాదమే. సూదికి.

రోజూ షుగరు చూసి, సూది చేతిలో పట్టుకోని, "అత్తా, నిన్న హజరాబీ ఇంట్లో సేమియా తిన్నావు గదా" అని దొంగని పట్టుకున్నట్టు పట్టుకుంటావే, దానికి. నీ మామ పొయ్యినాక నన్నెవురూ కసరలా. తిన్నావా అని అడిగేవాళ్ళు శానామంది ఉండారు. ఎందుకు తిన్నావు అని అడిగేదానివి నువ్వొక్కదానివే. రెండేళ్ళు నువ్వు లేకపోతే ఈ ఇంట్లో నాకేం తోచదే.

సరే. ఇట్టా దా. నా పక్కన కూర్చో. కోప్పడబాక.

ఓటీపీ వచ్చిందమే.

ఇప్పుడు కాదు. పొద్దున ఒకటి వచ్చింది. అన్నం తినేటప్పుడు ఒకటి. ఇందాక నువ్వు నీళ్ళకి లేస్తే ఇంకొకటి. చదువు రాకపోతే అంకెలు కూడా రావా నాకు? వచ్చింది వచ్చినట్టు చెరిపేసినా. ఎట్టా చెరపాలో నేర్పించింది కూడా నువ్వే గదా, పనికిరాని మెసేజీలతో ఫోను నిండిపోయిందని.

తిట్టు. తిట్టమే!

టైమెంత? నాలుగూ నలభయ్యేనా? ఇంకా ఉండాదిలే. మళ్ళా నొక్కు. వైజాగే ముందర పెట్టు. ఈ పూట నుంచి సూది నేనే పొడుచుకుంటా, పక్కన నిలబడి చూడు. తప్పు పొడిస్తే కసురు. ఆడికి పొయ్యినాక ఫోన్లో కసురు. సేమియా తినను. అంటే, ఎక్కువ తినను.

ఇదిగో, టింగుమనింది! రాసుకో. ఏడు... సున్నా... మూడు... ఏందిది, అంకెలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతా ఉండాయి.

ఏడస్తా లేనులేమే. షుగరు కంటికి కొట్టింది, అంతే. ఇదిగో ఫోను, నువ్వే చూసుకో.