సున్నం ఆరేలోపు

ఎన్నికలకు వారం ముందు, మాచర్ల బస్టాండు ఎదుటి గోడకు సున్నం కొడుతున్న పెయింటరుకు భార్య అన్నం తెచ్చింది.

“ఈ గోడ మీద ఏం రాయమన్నారయ్యా?”

“అడవిలో అన్నల్ని ఏరేసిన మా నాయకుడికే మీ ఓటు అని.”

“ఏరేశారా? ఎప్పుడు?”

“ఇంకా లేదు. తడి గోడ మీద రాస్తే రంగు కారుద్ది. అందుకే మాటలు ముందే చెప్పి, సున్నం కొట్టుకోమన్నారు. పోలీసు లారీలు రేపు అడవికి పోతాయంట.”

“ఇన్నేళ్లూ లేంది ఇప్పుడే గుర్తొచ్చారా?”

“ఓట్లు ఇప్పుడేగా.”

“మా తమ్ముడు ఆడనే ఉన్నాడు. కబురు పెట్టు.”

“ఎట్టా పెట్టేది? వాళ్లు తప్పించుకుంటే ముందు పట్టుకునేది నన్నే.”

“పోనీ, రాయనని చెప్పు.”

“వాడు అడవికి పోయిన సంగతి ఊరంతా తెలుసు. తెలిసే ఈ గోడ నాకిచ్చారు. కాదంటే జీపు ఇంటికొస్తది.”

ఆమె క్యారేజీ విప్పలేదు.

“సున్నంలో ఇంకాసిని నీళ్లు పొయ్యి. గోడ తొందరగా ఆరదు.”

“గోడ ఆరకపోతే లారీలు ఆగుతాయంటావా?”

“ఆగవు. అయినా పొయ్యి.”